ముప్పై సెకన్లు, మధ్యలో మావయ్య

భోగాపురం ఎయిర్‌పోర్టులో పనికి మనుషులు కావాలని విజయనగరంలో జాబ్ మేళా పెట్టారు. అప్పటికే రెండు మేళాలకు వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఈసారీ రాకపోతే అమ్మతోపాటు జీడిపప్పు కార్ఖానాలో కూర్చోవాలి. జీడి రసానికి నల్లబడి తోలు ఊడిన అమ్మ వేళ్ళు చూసినప్పుడల్లా నాకు భయం వేసేది.

కోచింగ్ సార్ ఎలివేటర్ పిచ్ అని ఒకటి నేర్పాడు. లిఫ్టులో పెద్ద మేనేజరు కనిపిస్తే, పై అంతస్తు వచ్చేలోపు ముప్పై సెకన్లలో మన గొప్పదనం చెప్పేయాలట. నౌపడ దగ్గర మా ఊళ్ళో డాబా ఎక్కాలంటే నిచ్చెనే దిక్కు. అమ్మమ్మ అంతా విని, "పాపం, ఆ పెట్టిలోంచి ఆ మనిషి ఎక్కడికి పారిపోతాడే గుంటా" అంది.

అసలు చిక్కు వేరు. మా వైపు తన గురించి తాను మంచి చెప్పుకునేవాళ్ళని ఎవరూ మెచ్చరు. ఆ మాట పక్కనున్న పెద్దవాళ్ళు చెప్పాలి, మనం తల దించుకుని కూర్చోవాలి. "నాలో నాయకత్వ లక్షణాలున్నాయి" అనగానే నా నోరు ఎండిపోయేది. ఉప్పు మళ్ళల్లో పనిచేసే మావయ్య ముందు ఒకసారి చెప్పి చూశాను.

"ఏటే, నీ గురించి నువ్వే సెప్పుకుంతన్నావు? ఇంట్లో పెద్దోలు నేరా?" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఫోన్ మంచం మీద విసిరికొట్టి ఆ పూట అన్నం మానేశాను.

మేళా రోజు మావయ్య తోడు వస్తానని బయల్దేరాడు. పెళ్ళి సంబంధాలకి తప్ప తీయని పొందూరు ఖద్దరు చొక్కా వేసుకున్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నా పేరు పిలవగానే నాతోపాటు లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ గురించి చెప్పండి" అంది ఎదురుగా కూర్చున్న మేడమ్. నేను ఊపిరి తీసుకునేలోపు మావయ్య అందుకున్నాడు.

"మా అక్క కూతురమ్మా. కోపం ఎక్కువ. తుఫానుకి ఊరంతా నీళ్ళల్లో ములిగిపోయినప్పుడు బియ్యం పంచితే, అందరినీ లైనులో నిలబెట్టిందిదే. నాను మజ్జిన దూరితే నన్నే ఎనక్కి పంపీసింది. రెండు నెల్లు దీంతో మాటాడ్నేదు."

నా ముప్పై సెకన్లలో ఈ సంగతే లేదు. పరువు పోయిందనుకున్నాను.

"నిజమేనా?" అంది మేడమ్.

"నిజమే మేడమ్. లైనులో మావయ్య కంటే ముందొచ్చిన బాలింతలు నిలబడి ఉన్నారు."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "మీ మావయ్య ఇప్పుడూ మధ్యలోనే దూరారు కదా. మీరేం చేస్తారు?" అంది.

"మావయ్యా, నువ్వు బయట కూర్చో" అన్నాను.

వెంటనే లేచాడు. రెండు నెలలు ముఖం చాటేసిన మనిషి ఆ సంగతిని ఇన్నేళ్ళూ గొప్పగా దాచుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. గుమ్మం దగ్గర ఆగి, "సూసారా అమ్మా" అన్నాడు మేడమ్‌తో, మగపెళ్ళివారి దగ్గర సంబంధం ఖాయం చేసినంత ధీమాగా.

ఆవిడ అప్పటికే నా కాగితం మీద టిక్కు పెట్టేసింది.