పోపులపెట్టెలో ఎర్రసిరా చీటీ

మా చిన్నప్పుడు... తిరువూరులో మా ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారంటే ఇరుగుపొరుగు గడప దాటి లోపలికి వచ్చేవాళ్ళు కాదు. లోపల ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం.

నాకు ఏడేళ్ళప్పుడు... జ్వరానికి డాక్టరుగారు తెల్లబిళ్ళలు ఇచ్చారు. రెండోరోజుకి ఒంటిమీద అక్కడక్కడ రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చలు లేచాయి. పెదవి వాచింది. మా నాయనమ్మ చూసి చెంపలు వేసుకుంది.

"అమ్మవారే! మందూమాకూ ఆపెయ్యండి, తల్లికి కోపమొస్తది" అంది.

ఇంకేముంది... బిళ్ళలు గూట్లోకి, నేను వేపాకుల పడక మీదికి. ఇంట్లో పోపు బంద్. పూటపూటకీ చప్పిడి పెరుగన్నం... వారానికి మచ్చలు మాడిపోయాయి. అప్పుడు నాయనమ్మ మొహంలో గర్వం చూడాలి!

బిళ్ళలు మాత్రం గూట్లోనే ఉండిపోయాయి. డబ్బు పెట్టి కొన్న మందు పారెయ్యడమంటే మా ఇళ్ళల్లో మహాపాపం కదా...

కొన్ని నెలలకి మళ్ళీ జ్వరం. నాన్న పనిమీద విస్సన్నపేట వెళ్ళారు. అమ్మ గూట్లోంచి ఒక బిళ్ళ తీసి వేసింది. సాయంత్రానికల్లా మళ్ళీ మచ్చలు! అదే పెదవి, అదే మణికట్టు, గాజు కింద అదే చోటు. నాయనమ్మ వేపమండలకి బయల్దేరింది. అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని అలాగే చూస్తోంది.

"అమ్మవారు రెండోసారి కూడా కొలిచినట్టు అక్కడే పోస్తుందా అత్తయ్యా?"

అమ్మ అత్తగారికి ఎదురుచెప్పగా నేను వినడం అదే మొదలు. మిగిలిన బిళ్ళలు కొంగున ముడేసుకుని, నన్ను చంకనెత్తుకుని డాక్టరుగారి దగ్గరికి నడిచింది. 

డాక్టరుగారు మచ్చల్నీ బిళ్ళల్నీ చూసి, అమ్మ చెప్పిందంతా విని, "ఈ మందు పిల్లకి పడదమ్మా. మొదటిసారి మీ అత్తగారు ఆపించబట్టి సరిపోయింది. ఇంకోసారి వేస్తే ప్రాణం మీదికి రావచ్చు" అన్నారు. ఎర్రసిరాతో ఆ మందు పేరు ఇంగ్లీషులో, అట్ట మీద ఉన్నట్టే విడివిడి అక్షరాలతో చీటీ మీద రాసిచ్చారు.

అమ్మకి తెలుగు చదవడమే రాదు... చీటీని పోపులపెట్టె మూతలో దాచింది. ఇంట్లోకి నా కోసం ఏ బిళ్ళ వచ్చినా దాని అట్ట పక్కన చీటీ పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పోల్చుకునేది. ఆ తర్వాతే నా చేతికి నీళ్ళగ్లాసు వచ్చేది.

ఇప్పుడు ఇలాంటి చీటీలన్నీ ఫోన్లోనే... ఆసుపత్రిలో "ఏ మందైనా పడదా?" అని వాళ్ళే అడుగుతున్నారు. నా మణికట్టు మీద ఆ మచ్చ నల్లగా ఇంకా ఉంది. మీ అమ్మల పోపులపెట్టెల్లో ఏమేం దాగి ఉండేవో మీరూ చెప్పండి...

మా అమ్మ జన్మలో నేర్చుకున్న ఇంగ్లీషు మాట ఒక్కటే. నాకు పడని ఆ మందు పేరు.