కుడి తలుపు స్పీకరు

కిటికీ అద్దాలు మోసే బండి నడిపేవాడికి కంగారు పనికిరాదంటారు. మన అద్దాలాయనకు మాత్రం అది పుట్టుకతోనే వచ్చింది. గాజు పలకల మధ్య గోనెలు దోపి, తాళ్ళు బిగించి, బయల్దేరబోతూ మళ్ళీ దిగి చూసుకునే రకం. పికప్‌లో సరుకు నిలబెట్టే చెక్క చట్రం అడ్డంగా ఉంటుంది కాబట్టి వెనక ఏముందో ఆయనకు కనబడదు. బండి వెనక్కి తీసేటప్పుడు భార్య దిగి, డ్రైవరు వైపుగా వెనక నిలబడి, "రానీయండి, రానీయండి" అంటుంది. "ఆపండి" అంటే బ్రేకు. పెళ్ళయినప్పటి నుంచీ వాళ్ళ పని ఇలాగే సాగుతోంది.

బండిలో పాత రేడియో ఒకటి ఉండేది. స్పీకరు ఎడమ తలుపులో ఒక్కటే, అదీ పడిశం పట్టినట్టు పాడేది. ఆ కాస్తా మూగబోయాక భార్య పట్టుబట్టింది. "దారి పొడుగునా మీ నిట్టూర్పులు వినలేను. పాటలైనా పెట్టించండి." ఆమె తమ్ముడికి సందు చివర బండ్ల వైరింగు షెడ్డు ఉంది. ఒక మధ్యాహ్నం బండిని ముక్కు ముందుగా అందులోకి దూర్చారు.

బావమరిది పాతది ఊడబీకి, బుల్లి తెర ఉన్న కొత్త ప్లేయరు బిగించాడు. రెండు తలుపుల్లోనూ స్పీకర్లు పెట్టి పాట వేశాడు.

"ఎలా ఉంది బావా?"

"ఎడమది బ్రహ్మాండం. కుడిదే పలకట్లేదు."

బావమరిది కుడి తలుపు అట్ట విప్పి వైర్లు మళ్ళీ అతికించాడు. లాభం లేదు. ఎడమ స్పీకరు కుడికీ, కుడిది ఎడమకీ మార్చాడు. అయినా కుడిది పలకలేదన్నాడు అద్దాలాయన.

"అక్క మొగుడే కదా అని చవక సరుకు అంటగట్టావా?"

"మీ నోటికి జడిసి మంచిదే తెచ్చాను బావా." పాపం, అతని చొక్కా చెమటతో తడిసిపోయింది. డ్యాష్‌బోర్డు కింద దూరి ఏదో వైరు లాగాడు. "ఇప్పుడు?"

"మళ్ళీ ఎడమదే పాడుతోంది."

"ఎడమది పీకేశాను కదా?"

పక్క సీట్లో కూర్చున్న భార్య నవ్వింది. "ఎడమదేంటండీ? మీ తలుపులోంచే చెవులు పగిలేలా వస్తుంటే."

అద్దాలాయన కుడి తలుపు స్పీకరు జాలీ మీద చెయ్యి వేశాడు. అది గడగడా వణుకుతోంది. మెల్లగా మొహం తిప్పి ఎడమ చెవి తలుపు వైపు పెట్టాడు. పాట ఒక్కసారిగా పెరిగింది. మొహం మళ్ళీ ముందుకు తిప్పగానే తగ్గిపోయింది.

"ఆ, ఇప్పుడొచ్చింది," అన్నాడు.

"లూజు కనెక్షను. నేనప్పుడే అనుకున్నా," అని బావమరిది తలుపు అట్ట బిగించడం మొదలెట్టాడు.

చెవి సంగతి చెప్తే ఈవిడ స్టీరింగు ముట్టుకోనిస్తుందా? బండి తప్ప ఇంకో పని తెలియదే. ఆ భయాన్ని ఎలాగో మింగేలోపు ఇంకోటి వచ్చి కూర్చుంది. మొన్న గాజు గోడౌనులో ఆమె మోచెయ్యి బండికీ గోడకీ మధ్య ఒరుసుకుపోయింది. "ఆపమని అరిచాను కదండీ," అంది ఆమె. "నోట్లో గొణుక్కుంటే ఎవడికి వినబడుతుంది?" అని కసిరాడు తను. ఆ పిచ్చిది అది నిజమే అనుకుంది. తన గొంతే సన్నబడిందని అప్పటి నుంచీ పొద్దున్నే వేడి నీళ్ళు తాగుతోంది.

"ఇక బయటికి తీయండి బావా," అన్నాడు బావమరిది.

భార్య గొంతు సవరించుకుంటూ దిగి వెనక్కి వెళ్ళింది. ఇరుకు సందు, షెడ్డుకు ఎదురుగా రాతి గోడ. ఆయన పాట ఆపి, రివర్సు గేరు వేశాడు. బ్రేకు మీది కాలు పైకి లేవలేదు. ఆమె ఏదో అంటోంది. ఎంత దూరంలో ఉందో, ఏ పక్క ఉందో అంతుబట్టలేదు. ఇంజను ఆపేసి దిగాడు.

"ఏమైందండీ?"

"నీ గొంతు బాగానే ఉంది. నాకు కుడి చెవి వినబడట్లేదు. స్పీకరు తప్పేం లేదు. ఆ రోజు నువ్వు అరిచే ఉంటావు."

ఆమె మోచెయ్యి తడుముకుంది. "మరి నన్ను అన్ని మాటలన్నారు."

"అన్నాను."

కోపం వచ్చింది ఆమెకు, భయమూ వేసింది. ఆయన చేతిలోంచి తాళం లాక్కుని తమ్ముడికిచ్చింది. "నువ్వు తీయరా. డాక్టరు చూసేదాకా ఈయన బండి తోలరు."

ఆయన బండి వెనక్కి వెళ్ళాడు. ఆమెను పక్కకు జరిపి, ఆమె నిలబడే చోట తను నిలబడ్డాడు. బండి కదిలింది. వెనక తలుపు ఇంత ఎత్తుగా, ఇంత బరువుగా మీదికి వస్తుందని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు. వీపుకు గోడ తగిలింది.

"ఆపు," అని గొంతు చించుకుని అరిచాడు.

బావమరిది బ్రేకు వేసి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఇంకా బోలెడు జాగా ఉంది కదా బావా."

"ఉండనీ," అన్నాడు అద్దాలాయన. "ఆపమన్నానా లేదా?"