తలుపు పట్టుకునే మనిషి

ఆ ఆఫీసు భవనంలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ తలుపులక్క. ఏ కార్డుకు ఏ తలుపు తెరుచుకోవాలి, ఏ వేళకు తనంతట తానే మూసుకోవాలి, ఎప్పుడు కూత పెట్టాలి, ఇవన్నీ కంప్యూటర్లో రాసి పెట్టేది ఆమే. కిటికీ లేని ఓ చిన్న గదిలో కూర్చుని తలుపులన్నిటికీ బుద్ధులు నేర్పుతుంది. ఇంట్లోనూ అదే వరస. పాలు పొంగితే మంట తగ్గించాలి, వాన పడితే బట్టలు తీయాలి అని భర్తకు చిలక్కి చెప్పినట్టు చెబుతుంది. ఆమె రూలుకు లొంగని తలుపు ఏదైనా ఉందంటే అది ఆయనే.

మామగారు పోయాక అత్తగారు గడప దాటడం మానేసింది. పలకరిస్తే పలికేది, లేకపోతే లేదు. పొద్దస్తమానం ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చునేది. అలాంటి మనిషి ఓ రోజు కోడలు మరచిపోయిన భోజనం డబ్బా పట్టుకుని, వీధులు దాటుకుంటూ ఆఫీసుకు వచ్చింది. మర్నాడు కోడలు డబ్బాను కావాలనే మరచిపోయింది. కొన్నాళ్లకు ఆ నటన కూడా అక్కర్లేకపోయింది. మధ్యాహ్నమయ్యేసరికి అత్తగారు తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని తయారుగా ఉండేది. డబ్బాను కింద వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లిపోతుందని కోడలు అనుకునేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ముఖద్వారానికి పిచ్చి పట్టింది. అరనిమిషం మించి తెరిచి ఉంచితే కూత పెట్టాలని దానికి రూలు. రోజూ మధ్యాహ్నం ఒకటే కూత.

"తలుపులక్కా, నా తల పగిలిపోతోంది," అన్నాడు మేనేజరు. "ఈ వారంలో ఆపకపోతే మధ్యాహ్నం పూట బయటివాళ్లనెవరినీ గుమ్మం దగ్గరికి కూడా రానివ్వను."

బయటివాళ్లంటే అత్తగారు కూడా. తలుపులక్క బందులు చూసింది, వైర్లు మార్చింది, తలుపును నానా తిట్లూ తిట్టింది. అంతా చేసి, చివరికి ఓ మధ్యాహ్నం మెట్ల మీద నిలబడి చూసింది.

అత్తగారు తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉంది. రెండు చేతులా పెట్టెలు మోసుకొస్తున్న కొరియర్ అతన్ని, "నిదానం నాయనా, తలుపెక్కడికీ పోదు," అంటోంది. వెనకే టీ కప్పుల పళ్లెంతో ఒకామె. ఆ వెనక కాలు ఈడుస్తూ వచ్చే అకౌంటెంటు. "ఏమయ్యా, ఇవాళ మోకాలు మాట వింటోందా?" అని అడిగి, అతను ఏదో అంటే పకపకా నవ్వింది. నెత్తి మీద కూత మోగుతూనే ఉంది. ఆవిడ దాన్ని పక్కింటి కుక్క అరుపును పట్టించుకున్నంత కూడా పట్టించుకోలేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తలుపులక్క పట్టుకుంది గానీ, ఏం చేయాలో పాలుపోలేదు. అత్తగారి నవ్వు విని ఎన్నాళ్లయిందో!

బాగా ఆలోచించి కొత్త రూలు రాసింది. భోజనాల వేళ ముఖద్వారం తనంతట తానే బార్లా తెరుచుకుని ఉంటుంది, కూత ఉండదు. మేనేజరు భేష్ అన్నాడు. అత్తగారు వచ్చింది. తెరిచి ఉన్న తలుపును వేళ్లతో ఓసారి నెట్టి చూసింది. జనం గబగబా లోపలికి పోతున్నారు, ఆగే పని ఎవరికీ లేదు. డబ్బా ఇచ్చేసి వెళ్లిపోయింది.

"రేపట్నుంచి డబ్బా పొద్దున్నే నీతో పట్టుకెళ్లమ్మాయ్," అంది ఆ సాయంత్రం. "నాకు మోకాళ్లు లాగేస్తున్నాయి."

మోకాళ్లకేం కాలేదు. మళ్లీ ఆ కుర్చీ, దానికెదురుగా ఆవిడ. తలుపులక్కకు తన తెలివి మీద తనకే ఒళ్లు మండింది. తలుపు సుఖం చూసి మనిషికి పని లేకుండా చేసింది.

మర్నాడు ఆ రూలును పీకేసి ఇంకోటి రాసింది. ఒక్క కార్డు ఉంటుంది. అది తాకితే తలుపుకు ఓపిక వస్తుంది, మళ్లీ తాకేదాకా కిక్కురుమనదు. మేనేజరు నసిగితే, "కార్డున్న మనిషి బయటి మనిషెలా అవుతుంది సార్?" అని నోరు మూయించింది.

ఇంటికొచ్చి ఆ కార్డు అత్తగారి ఒళ్లో పెట్టింది.

"అత్తయ్యా, ఆ తలుపుతో నావల్ల కావడం లేదు. మీరొచ్చి పట్టుకుంటే తప్ప కుదరదు."

"ఇంత చదువు చదివి తలుపు తీసి పట్టుకోవడం రాలేదుటే?"

"మరి మోకాళ్ల సంగతేంటమ్మా?" అన్నాడు కొడుకు.

"నీకెందుకురా?" అంది ఆవిడ, అప్పుడే కార్డును మెడలో వేసుకుంటూ. "ఎన్నాళ్లు పనిచేస్తుందమ్మాయ్ ఇది?"

తాత్కాలిక కార్డుకు గడువు తేదీ వేయనిదే ఆ కంప్యూటరు ఒప్పుకోదు. వారమో, నెలో వేస్తుంటారు. ఆఫీసులో ఈ కార్డు చేసేటప్పుడు తలుపులక్క మాత్రం తెర మీది కేలెండరును ముందుకు తిప్పుకుంటూ పోయింది. ఇక తిరగనని అది మొండికేశాక, ఆఖరి సంవత్సరంలో ఆఖరి రోజు మీద నొక్కింది.

"మీ మునిమనవలు వచ్చినా పనిచేస్తుందత్తయ్యా," అంది.

అత్తగారు లేచి, మామగారి కుర్చీకి వీపు తిప్పింది.

"అయితే రేపు డబ్బాలో ఏం పెట్టమంటావో ఇప్పుడే చెప్పు."