బొమ్మకి జోల కట్టిన అక్కయ్యగారు

మొన్న మంగళవారం పొద్దున్న మా కింది ఇంటి అక్కయ్యగారు కన్నుమూశారు. మా ఆవిడ నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే. అక్కణ్ణించే ఫోన్ చేసి, "వాళ్ళమ్మాయి దగ్గర నేనుంటాను, మనవాళ్ళందరికీ నువ్వు చెప్పు" అంది. నేను నంబర్ల పుస్తకం తీసి వరసగా ఫోన్లు మొదలుపెట్టాను. ఒక్కరూ నమ్మలేదు.

మొదటాయన, "మళ్ళీ మొదలెట్టావా? పోయినసారి ఇమిగ్రేషన్ ఆఫీసరు గొంతుతో నా చేత పాస్‌పోర్టు నంబరు మూడుసార్లు చదివించావు. ఇప్పుడు చావులతో కూడానా?" అని ఠక్కున పెట్టేశాడు. రెండో ఇంట్లో "సిగ్గుండాలండీ" అన్నారు. మూడో ఇంటికి చేసేసరికి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. "ఏడుపు బ్రహ్మాండంగా చేస్తున్నారు అన్నయ్యగారూ, ఉగాదికి వేషం మీకే" అంది ఆ ఇల్లాలు. చివరికి మా ఆవిడే మళ్ళీ అందరికీ ఫోన్ చేసి చెప్పాల్సొచ్చింది. ఇన్నేళ్ళ వేళాకోళాలతో ఈ గొంతు సంపాదించుకున్న పరువు అదీ.

ఈ గొంతుతోనే ఒకసారి అక్కయ్యగారిని ఏడిపించాను. తప్పయిందని ఆవిడతో ఒక్క మాట అనాల్సింది. ఆరేళ్ళపాటు రోజూ అవే మెట్ల మీద ఎదురుపడుతూ అనలేదు. ఇప్పుడు కూర్చుని మీకు రాస్తున్నాను.

నేను అమెరికాలో ఈ సన్నీవేల్‌కి మా ఆవిడ సామానుతో పాటు వచ్చినవాణ్ణి. వీసా ఆవిడది, ఉద్యోగం ఆవిడది. డిగ్రీ రెండో ఏడు రెండుసార్లు తప్పిన నాకు వీడియో గేములు చేసే ఒక కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది. టీవీకి ఒక పెట్టె తగిలించి, అందులో అరచేతంత ప్లాస్టిక్ బిళ్ళ దూరిస్తే ఆట వచ్చేది. ఎనభైల మొదట్లో పిల్లలకి అదే లోకం. కంపెనీ వాళ్ళకి సొంతంగా ఆటలు ఆలోచించే ఓపిక అయిపోయి, పేరున్న పాటగాడినో, పేరున్న బొమ్మనో లైసెన్స్ తీసుకుని ఆటగా చేసి అమ్మడం మొదలెట్టారు. ఆట అమ్మే అట్టపెట్టె మీద మొహం ఉంటే చాలు, లోపల నాలుగు చదరాలు గంతులేసినా పిల్లలు కొంటారని వాళ్ళ ధీమా. పెట్టెలు అతికించేవాణ్ణి కాబట్టి మొహాలన్నీ నాకు బాగా తెలుసు.

అలా తెచ్చిన ఒక పాటగాడి ఆటకి చిక్కొచ్చింది. తల మీద పిచ్చుకగూడంత జుట్టున్న మనిషి ఆయన. ఒప్పందం ప్రకారం ఆయన పాట ఆటలో వినపడాలి, అది విని ఆయన మనుషులు సరే అంటేనే ఆట బయటికి వెళ్ళాలి. ఆట పెట్టెలో పాట పలికే చిప్పేమో కీచుమనే సరుకు. అన్ని స్వరాలూ పలకదు, పలికిన వాటిలో సగం శ్రుతి తప్పు. ప్రోగ్రామర్లు కట్టిన పాట వింటే కుక్కపిల్ల తోక తొక్కినట్టుండేది. కాఫీ మిషన్ దగ్గర మేనేజరు తల పట్టుకుంటే, "మా కింది ఇంట్లో ఒకావిడ ఉన్నారు, సొట్టగిన్నె చేత కూడా పాట పలికిస్తారు" అన్నాను, ఊరికే నవ్వులాటకి. అతను నిజమనుకుని మర్నాడే పిలిపించాడు. అదృష్టం కొద్దీ అది నిజమే అయింది.

అక్కయ్యగారు విజయనగరంలో వీణ నేర్చుకున్న మనిషి. ఇక్కడికొచ్చిన కొన్నాళ్ళకే భర్త గుండె ఆగి పోయారు. ఒక్కతే ఆడపిల్ల. ఊళ్ళో వాళ్ళ పసిపిల్లల్ని చూసుకుంటూ ఇల్లు గడుపుకొచ్చేవారు. ఆ రోజు కంపెనీకి శ్రుతిపెట్టె, రూళ్ళ నోటుబుక్కు పట్టుకొచ్చారు. చిప్పు పలికే స్వరాలన్నీ ఒక్కొక్కటే మోగించమని, విని, పక్కన సరిగమలు రాసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"తమ్ముడూ, ఇందులో గాంధారం లేదు. నిషాదం ఉంది గానీ తాగొచ్చినట్టుంది. పంచమం ఒక్కటే కాస్త సంసారపక్షం."

"వాట్ డిడ్ షీ సే?" అన్నాడు ప్రోగ్రామరు.

"మీ చిప్ చాలా బాగుందంటున్నారు" అన్నాను.

ఆవిడ పాటని కాస్త పైకి, కాస్త కిందికి జరుపుతూ చూసేవారు, లేని స్వరం ఎవరూ పట్టించుకోని చోట పడేదాకా. "లేనిదాని మీదుగా గబుక్కున దాటెయ్యాలి, ఉన్నదాని మీద తీరిగ్గా నిలబడాలి" అనేవారు. పాటలకే కాదు, ఆవిడ ఇల్లు నడిపిందీ అలాగే. మూడు వారాల్లో ఆ కీచు చిప్పు ఆ పాట పాడితే మా ప్యాకింగ్ ఆడవాళ్ళు టేపు చింపుతూ కాళ్ళు ఆడించారు. పాటగాడి మనుషుల దగ్గర్నించి సరేనని ఉత్తరం వచ్చింది. పెట్టె మీద ఆయన మొహం, వెనక కంపెనీ పేరు పడ్డాయి. అక్కయ్యగారి పేరు ఎక్కడా లేదు. చేసినవాళ్ళ పేర్లు వేసే అలవాటు అప్పట్లో లేదు లెండి.

ఇక నా ఘనకార్యం. గోడౌన్ ఫోన్లోంచి, కంపెనీ వాళ్ళు ఆవిడకిచ్చిన టేబుల్‌కి ఫోన్ చేసి, పాటగాడి సెక్రటరీ గొంతు పెట్టాను. "శుక్రవారం సార్ మీ ఆఫీసుకి వస్తున్నారు. మ్యూజిక్ చేసిన లేడీని కలవాలంటున్నారు" అని ఇంగ్లీషులో వాయించాను. "ష్యూర్, ష్యూర్, థాంక్యూ" అన్నారు ఆవిడ. నేను చొక్కా అడ్డం పెట్టుకుని నవ్వాను.

శుక్రవారం ఆవిడ ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని, స్టీలు డబ్బాలో సున్నుండలు పెట్టుకుని వచ్చారు. ఆఫీసు ముందు గదిలో, అద్దాల తలుపుకి ఎదురుగా కూర్చున్నారు. పదింటికి వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను, ట్రక్కు వచ్చింది. మధ్యాహ్నం తలుపు సందులోంచి చూశాను. వీపు ఆనించకుండా, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అప్పటికే అంతసేపు కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్ళి ఏ మొహంతో చెప్పను? ఇంకాసేపు చూసి ఆవిడే లేస్తారనుకున్నాను. నాలుగింటి దాకా లేవలేదు.

మర్నాడు మా తలుపు కొట్టి డబ్బా ఇచ్చారు. "ఆయనకి కుదరలేదట పాపం. పాడేవాళ్ళకి తీరికెక్కడ? నువ్వు తిను తమ్ముడూ." వెళ్తూ వెళ్తూ, "గొంతెలా ఉంది? జాగ్రత్తగా చూసుకో" అన్నారు. నాకు జలుబూ లేదు, దగ్గూ లేదు. ఆ రోజు నుంచీ మెట్ల మీద ఎప్పుడు కనపడ్డా అదే పలకరింపు. "గొంతెలా ఉంది తమ్ముడూ?" ఒకసారి మిరియాల కషాయం కూడా పంపించారు. పెద్దావిడ ఆప్యాయత కాబోలనుకుని తాగేశాను.

తర్వాత బొమ్మ ఆట వచ్చింది. ఆడపిల్లలందరి చేతుల్లో ఉండే బొమ్మ. దాని కంపెనీ వాళ్ళు ఆట కంటే ముందు ఒక నిబంధనల పుస్తకం పంపారు. బొమ్మ కింద పడకూడదు. బట్టలకి మట్టి అంటకూడదు. ఏడవకూడదు. ఓడిపోకూడదు. మరి ఆడే పిల్ల తప్పు చేస్తే బొమ్మకి ఏమవ్వాలి? ప్రోగ్రామర్లు గుంటలో పడేస్తే తిప్పి పంపారు. కుక్క చేత తరిమిస్తే తిప్పి పంపారు. క్రిస్మస్ దగ్గరకొస్తోంది, ఆట లేకపోతే సగం మందికి ఉద్యోగాలుండవని గుసగుసలు.

అక్కయ్యగారు మీటింగులో ఒక మూల కూర్చుని ఉన్నారు. "షి కెన్ స్లీప్, నో?" అన్నారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. నేను అట్టపెట్టెల నమూనాలు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. నా వైపు చూసి తెలుగులో అన్నారు: "మన పిల్లలు ఆడి ఆడి ఓడిపోతారా ఏమిటి? నిద్రొచ్చి పడుకుంటారు. లేచాక మళ్ళీ ఆడతారు. చెప్పు వీళ్ళకి." ఈసారి మార్చకుండా చెప్పాను.

ఆట అలాగే తయారైంది. పిల్ల తప్పు చేసినా, కాసేపు బటన్ ముట్టుకోకపోయినా బొమ్మ ఆవులించి మంచమెక్కి పడుకుంటుంది. బటన్ నొక్కితే లేస్తుంది. పడుకున్నప్పుడు వచ్చే పాట మాత్రం లైసెన్స్‌ది కాదు, అక్కయ్యగారి సొంతం. చిన్న జోల. అందులో చివరి స్వరం ఆ తాగుబోతు నిషాదమే. "అదెందుకు పెట్టారక్కయ్యగారూ, దాటేసేవారు కదా?" అన్నాను. "జోల పాడే తల్లికి కూడా చివరికొచ్చేసరికి నిద్రొస్తుందయ్యా. అది కునికిపాటు" అన్నారు. బొమ్మ కంపెనీ వాళ్ళు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. ఆ క్రిస్మస్‌కి మా ఉద్యోగాలు నిలబడ్డాయి. మరుసటేడు కంపెనీయే నిలబడలేదు, అది వేరే సంగతి. ఆవిడ మళ్ళీ పసిపిల్లల్ని చూసుకోవడానికి వెళ్ళిపోయారు, వాళ్ళని అదే జోలతో పడుకోబెట్టేవారు.

మొన్న గురువారం అక్కయ్యగారింటికి వెళ్ళాను. ఆవిడ కూతురు ఇప్పుడు కాలేజీకి వచ్చింది, ఇక్కడే పుట్టింది. తల్లి సామాను సర్దుతోంది. చాప మీద పాత ఆట పెట్టె, దాని పక్కన నాకు తెలిసిన స్టీలు డబ్బా ఉన్నాయి. డబ్బా చూడగానే నోరు దానంతటదే తెరుచుకుంది. ఆ ఫోన్ సంగతి మొత్తం ఆ పిల్లకి చెప్పేశాను.

"ఐ నో, అంకుల్. అమ్మకి అప్పుడే తెలుసు. హలో అన్నప్పుడే మీ వాయిస్ అని తెలుసు. అమ్మ మ్యూజిక్ టీచర్ కదా!"

"మరి ఎందుకమ్మా పట్టుచీర కట్టుకుని వెళ్ళారు?"

"నేను కూడా అదే అడిగాను. 'ఆ పాట నేను చేశాను కదా, దాని కోసం ఒక్క రోజు మంచి చీర కట్టుకుంటే ఏం' అంది."

"నాలుగింటి దాకా ఎందుకు కూర్చున్నారు?"

పిల్ల డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. "మీరు వచ్చి చెప్తారు అని వెయిట్ చేసింది. 'వస్తాడు, తమ్ముడు చెడ్డవాడు కాదు' అంది. ఇంటికొచ్చి కూడా అదే అంది, అంకుల్."

ఆ పిల్ల టీవీ పెట్టి, బొమ్మ ఆట బిళ్ళ దూర్చి, బటన్ ఉన్న పిడి నా చేతికిచ్చింది. మధ్యాహ్నపు ఎండ కిటికీ పలకల్లోంచి చారలుగా తెర మీద పడుతోంది. నేను ఏమీ నొక్కలేదు. కాసేపటికి బొమ్మ ఆవులించి, మంచమెక్కి పడుకుంది. జోల మొదలైంది. చివరి స్వరం కాస్త కిందికి వాలి, ఆగి, మళ్ళీ మొదటికొచ్చింది.

"అక్కయ్యగారూ, ఆ ఫోన్ చేసింది నేనే. తప్పయిపోయింది" అన్నాను, నా సొంత గొంతుతో.

"ప్రెస్ ది బటన్, అంకుల్. లేస్తుంది" అంది పిల్ల మెల్లిగా.

పిడి చాప మీద పెట్టేశాను. ఎండ చారలు తెర మీంచి గోడ మీదికి జరిగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. బొమ్మ పడుకునే ఉంది. జోల ప్రతిసారీ చివర్లో కునికిపాటు పడుతూనే ఉంది.