కాగితం వదలని రజాయి

మా అత్త మాణిక్యమ్మ గురించి అడిగితే మా గల్లీల ఎవలైనా ఆమె కుట్టిన రజాయిల ముచ్చటే చెప్తరు. నేను మాత్రం కాగితం ముచ్చట చెప్త. ఎందుకంటరా? రజాయి కుట్టింది ఆమె, పేరొచ్చింది ఆమెకు, కాగితం ఏరి ఏరి మెడ పట్టేసింది నాకు. గా కాగితాన్ని కనిపెట్టినోడు ఎవడో గని, వాని చేతులు పడిపోను!

మాది పురానాపూల్ కాడ చిన్న ఇల్లు. ఒక అర్ర, ముందట వాకిలి, గంతే. ఆ వాకిట్ల చాప ఏసుకొని మా అత్త కూసుంటే ఇగ అది ఆమె రాజ్యం. కోడి సుత అటు దిక్కు రాకపోయేది. మా మామ నేను కాపురానికి రాకముందే పోయిండు. ఒక్కగానొక్క కొడుకు నర్సింహను ఆ సూది మీదనే సాదింది. చార్మినార్ అవతల ఒక నవాబుల దేవిడీ, కోటంత బంగ్లా ఉండె. ఆ దేవిడీల పెండ్లయితే పెండ్లిపిల్ల కప్పుకునే దూది రజాయి మా అత్తే కుట్టాలె. తెల్ల బట్ట, తెల్ల దారం. దూరంకెళ్లి చూస్తె ఏమీ కనపడది. దగ్గరికి పోతె తీగలు, చిలకలు, మామిడి పిందెలు లేచి వస్తయ్. గీత లేదు, గుర్తు లేదు, అంత ఆమె తలకాయలనే ఉండేది.

నన్నైతే సూది ముట్టనీయకపోయేది. "నీ చేతికిస్తే రజాయి గాదు, గోనెసంచి అయితది" అనేది. మరి నేనేం జెయ్యాలె? సూదిల దారం ఎక్కియ్యాలె. దినమంత గదే పని. కూర మాడుతున్నా సరే, "నీలమ్మా, దారం!" అని కేక పడితె ఉరకాలె. ఇది కోడలి మీద దర్జా అనుకున్న. లోపట లోపట మస్తు తిట్టుకున్న కూడ.

దేశాల నడుమ పెద్ద లడాయి మొదలైనంక మా అత్తకు కొత్త బుద్ధి పుట్టింది. "ఇగ కాగితం మీద బొమ్మ గీసి, దాన్ని బట్ట మీద పెట్టి, రెండూ కలిపి కుడత. అయిపోయినంక కాగితం చింపేస్తె సరి" అన్నది. 

"గిన్నేండ్లు లేంది ఇప్పుడెందుకు అత్తమ్మా?" అన్న. 

"దేవిడోళ్లకు ఫ్యాషన్లు గావాలెనే. నీకేం ఎరుక?" 

గీసేదెవరు? నేనే. మా అమ్మగారింట్ల ముగ్గులు మంచిగేస్తనని పేరుండె. ఆ పేరే నా కొంప ముంచింది. అయినా మొదట్ల కష్టమేం లేకుండె. పతంగి కాగితం మీద గీస్తుంటి, అది పల్చగ ఉంటది. కుట్టినంక ఒక మూల పట్టి గుంజితె సర్రున ఊడొచ్చేది.

ఒక చలికాలం దేవిడీల చిన్నమ్మాయి పెండ్లి పెట్టుకున్నరు. రజాయి అర్జంటు. బజారుకు పోతే పతంగి కాగితం లేదు. లడాయి వల్ల కాగితానికే కరువు, ఉన్నదంత పతంగులోళ్లు కొనుక్కపోయిన్రు. మా ఆయన నర్సింహ పుస్తకాలు అచ్చేసే ఒక ఛాపఖానాల పని జేసేటోడు. కాగితం కట్టలు చుట్టి వచ్చే పై కాగితాలు తెచ్చి ఎంతో ఘనకార్యం జేసినట్టు నా ముందట ఏసిండు. మట్టిరంగు, దళసరి, చేత్తోటి చింపుదామంటే చిరగది. బర్రెతోలు నయం. 

"ఇది పనికొస్తదా?" అన్న. 

"కాగితం కాగితమేనే" అన్నడు. మొగోళ్ల తెలివి గట్లనే ఏడుస్తది.

దాని మీద మామూలు పెన్సిల్ గీత కనపడలే. ఛాపఖానాలకెళ్లి ఇంకో పెన్సిల్ తెచ్చిండు. తడి తగిలితె ఊదారంగు సిరా అయితదట. "ముదురుగ గీయ్, లావుగ గీయ్" అని అత్త పక్కన కూసోని ఒకటే సతాయింపు. ముదురుగ రావాలంటే పెన్సిల్ నాలికకు రాసుకోవాలె. రాసిన, గీసిన, రాసిన, గీసిన. పొద్దూకేవరకు నా నాలిక, పెదవులు, పండ్లు అన్నీ ఊదారంగు. పాలు పోసే రామలింగయ్య చూసి, "ఏందమ్మా నీలమ్మా, ఈ కాలంల నేరేడు పండ్లు యాడ దొరికినయ్?" అని నవ్విండు. మా ఆయనైతె గోడ పట్టుకొని నవ్విండు. ఎదురుంగ కూసున్న మా అత్త మాత్రం ఒక్క మాట అనలే. నా బొట్టు కొంచెం పక్కకు జరిగినా గల్లీ అంత వినపడేటట్టు అరిచే మనిషి! నాకప్పుడు సమజ్ గాలే. కోపంల ఉంటి.

గీత మసకబడ్డ కాడల్ల రోజూ మళ్ల దిద్దుడే, నా నాలిక రంగు వదలకముందే కుట్టుడు అయిపోయింది. శుక్రవారం పొద్దుగాల ఖైరున్‌బీ వస్తదని దేవిడీకెళ్లి కబురొచ్చింది. ఖైరున్‌బీ అంటే ఆ దేవిడీల కుట్టుపనులన్నీ చూసుకునే పెద్దామె, ముగలానీ అంటరు. ఆమె చూసి 'బాగుంది' అంటెనే రజాయి దేవిడీ గడప దాటి లోపటికి పోతది.

ఇగ కాగితం తీద్దామని మూల పట్టి గుంజిన. ఊహూ. ఇంకొంచెం గట్టిగ గుంజిన. కాగితం రాలే, కుట్టు లేచింది. "అట్ల గుంజుతవేందే! నా పానం గుంజినట్టున్నది!" అని అత్త లొల్లి. తడిపితె మెత్తబడ్తది గదా అని చెంబుల నీళ్లు తెచ్చిన. ఒక్క చుక్క పక్కనున్న కాగితం ముక్క మీద పడ్డది. ఆ గీత చూస్తుండంగనే ఊదారంగుల అరచేయంత పాకింది. అమ్మో! అదే తెల్ల బట్ట మీద పడితె? చెంబు దీస్కపోయి బయట పెట్టిన. వాకిట్లకు నీళ్లు రావద్దని ఆర్డర్ జేసిన. మా ఆయన కాళ్లు సుత గల్లీలనే కడుక్కొని, తుడుసుకొని వచ్చేటోడు.

ఏం జేత్తం, పొడిగనే తియ్యాలె. సూది మొండి కొనతోటి కుట్టు పొంటి గట్టిగ గీకితె అక్కడ కాగితం నలుగుతది. నలిగిన కాడ మలిచి, వేలితోటి నొక్కిపట్టి, మెల్లగ చింపాలె. గట్ల జానెడు తీసేసరికి నడుము విరిగేది. మా ఆయన "నేను పట్టనా?" అని వచ్చి ఒక్క గుంజుడుకు చిలక ముక్కు ఊడగొట్టిండు. అత్త చేతికందిన చాట విసిరింది. అయితే ఆయన వల్లనే ఒక ఉపాయం దొరికింది. చెరొక మూల పట్టుకొని ఏటవాలుగ గుంజితె బట్ట సాగుతది, కాగితం సాగది, కుట్టు కాడ ఫట్ ఫట్ మని తెగుతది. ఇద్దరం అటొకరు ఇటొకరు నిలబడి, "నీ దిక్కు గుంజు!" "నువ్వే గట్టిగ గుంజుతున్నవ్!" అని కొట్లాడుకుంట గుంజినం. ఆలుమగలు లడాయి పెట్టుకున్నరని గల్లీలోళ్లు వచ్చి తలుపు కాడ నిలబడ్డరు. విడిపించేటందుకు గాదు లెండి, చూసేటందుకు.

పెద్ద ముక్కలు పోయినయ్. మిగిలినయి రవ్వంత రవ్వంత, కుట్ల కింద ఇరుక్కున్నయ్. ముల్లు తీసే చిమ్టా తోటి ఒక్కొక్కటి ఏరుతుంటే అత్త వచ్చి రజాయి మీద చెయ్యి ఆడిచ్చింది. "అయిపోయిందే. సాఫ్ అయింది. మడత పెట్టు" అన్నది. 

నేను ఆగమైన. చిలక మెడ పొంటి మట్టిరంగు ముక్కలు బారెడున్నయ్. పాయసంల ఈగలు పడ్డట్టు ఎంత దూరంకెళ్లి చూసినా కనపడ్తున్నయ్. "గీడ చూడు అత్తమ్మా" అని వేలు పెట్టి చూపిచ్చిన. ఆమె వంగింది. ముక్కు బట్టకు తగిలేదాక వంగి, "ఏముందే? దారమేగా" అన్నది. 

తెల్ల దారమెక్కడ, మట్టి కాగితమెక్కడ! నాకు అనుమానమొచ్చింది గని నమ్మబుద్ధి గాలే. అప్పుడొక పని జేసిన. చెప్తె మీరు నవ్వుతరు. పట్టపగలు, వాకిట్ల, మా అత్త మొకం ముందట మొకం పెట్టి, ఊదారంగు నాలిక బారెడు బయటికి తీసి చూపిచ్చిన. వేరే దినమైతే చీపురు తిరగేసేది. ఆమె నా దిక్కే చూసుకుంట, "ఊ, దారం ఎక్కియ్. చిలక ముక్కు మళ్ల కుట్టాలె" అన్నది. 

నాలిక లోపటికి తీసుకున్న. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. సూదిల దారం ఎందుకు ఎక్కియ్యమన్నదో, గీత లావుగ ఎందుకు గీయమన్నదో, కాగితం ఫ్యాషన్ ఎవరి కోసమో, అన్నీ ఒక్కసారే సమజైనయ్. ఈమెకు కండ్లు పోయినయ్. పోయినయని ఇంట్ల సుత చెప్పలే, మొండి మనిషి. 

మా ఇంట్ల తిండికి ఫికర్ లేదు, మా ఆయన జీతం వస్తది. గని ముగలానీ చూసి ఈమెకు కనపడ్తలేదని దేవిడీల చెప్తె, రేపటి సంది రజాయి ఇంకొకరికి పోతది. సూది గుంజుకుంటే ఈ మనిషి బతుకదు. ఆ చాప మీద ఉత్త చేతులతోటి కూసున్న మా అత్తను నేను తలుసుకోలేకపోయిన. ఇన్నొద్దులు తిట్టుకున్న నోటితోనే, "ఒక్క ముక్క మిగలనియ్య అత్తమ్మా, నీ మీద ఒట్టు" అని మనసుల అనుకున్న. మా ఆయనకు సుత చెప్పలే. ఆయనకు చెప్పుడు, ఛాపఖానాల అచ్చేసి పంచుడు ఒకటే.

ఇగ కూసున్న. చిమ్టాకు దొరకని పొట్టు కోసం డబల్‌రొట్టె తెప్పిచ్చిన. లోపలి మెత్తటి రొట్టె ఉండ జేసి రుద్దితె సన్న పొట్టంత దానికి అంటుకుంటది. "తినే రొట్టెతోటి బట్ట తోముడేందే, పోయేకాలం!" అని అత్త తిట్టుడు. "ఇది కొత్త ఫ్యాషన్ అత్తమ్మా" అన్న.

శుక్రవారమొచ్చింది. ఒక్క మూల మామిడి పిందె మిగిలింది. అది ఏరుతుంటనే తలుపు కాడ టాంగా ఆగింది. ఖైరున్‌బీ బురఖా సర్దుకుంట వచ్చి చాప మీద కూసున్నది. "తేవమ్మా, చూద్దాం" అని రజాయి ఒళ్లెకు గుంజుకున్నది. చిలకలు చూసింది, తీగలు చూసింది. చూసుకుంట చూసుకుంట అదే మూలకు పోయింది. ఆమె బొటనవేలు సక్కగ ఆ మామిడి పిందె మీద, ఆ కాగితం మీద పడ్డది. గరగరమని చప్పుడు నాక్కూడ వినపడ్డది. నేనైతే అప్పుడే సగం సచ్చిన. 

ఖైరున్‌బీ రజాయి మూలను కండ్ల కాడికి తెచ్చుకొని ఇటు తిప్పి అటు తిప్పి, "వాహ్! మాణికమ్మా, వాహ్! ఒక్క పోగు వంక లేదు. పాలమీగడ లెక్కున్నది" అన్నది. 

"అంత నీ దయ ఖైరున్‌బీ" అని మా అత్త సిగ్గుపడ్డది. 

"నేను మడత పెడ్త" అని రజాయి గుంజుకొని, మడతల చాటున ఆ ముక్క పీకి కొంగుల దాసిన.

మూట పట్టుకొని టాంగా దాక పోయిన. ఖైరున్‌బీ నా చెయ్యి పట్టుకొని చెవుల మెల్లగ అన్నది. "బేటీ, మీ అత్తకు కండ్లు పోయినయ్. నాకు తెలుసు. పోయినేడు నువ్వు మీ అమ్మగారింట్ల ఉన్నప్పుడు తెల్ల రజాయిల సగం పసుపు దారం కుట్టింది. పిల్లలు చూసి నవ్వితె నాకు తెలిసింది. నేనే ఏదో చెప్పి సర్దిన. దేవిడీల ఎవ్వరికీ చెప్ప, పాపం చేతిల పని పోతది. నువ్వు కొంచెం చూస్కో." గట్లని టాంగా ఎక్కబోయి కాలు గాలిల పెట్టింది. టాంగావాలా ఉరికొచ్చి, "అమ్మీజాన్, మెట్టు ఇటున్నది" అని చెయ్యి పట్టి ఎక్కిచ్చిండు.

నేను లోపటికొచ్చేసరికి మా అత్త, "పోయిందా? తలుపు దగ్గరేసి ఇటు రా" అన్నది. పోయిన. "ఒక మాట చెప్త, ఎవ్వరితోటి అనకు. పాపం, ఖైరున్‌బీకి కండ్లు కనపడ్తలేవే. ఒకసారి రజాయి తిరగేసి ఇచ్చినా వాహ్ వాహ్ అన్నది. దేవిడోళ్లకు తెలిస్తె ఎళ్లగొడ్తరు. ఈ వయసుల యాడికి పోతది? అందుకే నేను ఇంత ఖబడ్దార్‌గ కుడ్త. ఆమె చూడకున్నా వంక ఉండొద్దని." 

మరి నీ కండ్ల ముచ్చటేంది అని నాలిక కొస దాక వచ్చింది. ఊదారంగు నాలికను పండ్లతోటి కరిచిపట్టిన. "ఎవ్వరికీ చెప్ప అత్తమ్మా" అని పొయ్యి కాడికి పోయి, కొంగు నోట్ల కుక్కుకొని నవ్విన. నవ్వుకుంట నవ్వుకుంట ఏడ్చిన కూడ.

తర్వాత ఎన్ని చలికాలాలు పోయినయో! కనపడనామె కుట్టింది, కనపడనామె పాసు జేసింది, కప్పుకున్నోళ్లు కమ్మగ నిద్రపోయిన్రు. కండ్లున్నదాన్ని నేనొక్కదాన్నే. నా నసీబుల కాగితం ఏరుడు రాసి పెట్టున్నది, ఏరిన.

ఒక వానకాలం ఖైరున్‌బీ కాలం జేసిందని కబురొచ్చింది. మా అత్త ఆ పూట అన్నం ముట్టలే. చలికాలం రాంగనే దేవిడీకెళ్లి కొత్త ముగలానీ పేరు మీద తెల్ల బట్ట మూట వచ్చింది. నేను కాగితం పరిచి, పెన్సిల్ తీసుకొని కూసున్న. అత్త బట్టను ఒకసారి చేత్తోటి నిమిరి, మడత పెట్టి నా ఒళ్లె పెట్టింది. "పంపియ్ వాపస్" అన్నది. 

కొత్త ముగలానీ పడుచుదట, కండ్లు మంచిగున్నయట. భయపడ్డదేమో అనుకున్న. "ఎందుకత్తమ్మా భయం? గీసేటందుకు నేనున్న, కాగితం ఏరేటందుకు నేనున్న" అన్న. 

"భయమేందే పిచ్చిదానా," అన్నది మా అత్త, "ఖైరున్‌బీయే పోయినంక ఇగ నా కుట్టు చూసేదెవరే?"