గంగాబాయి విప్పిన మడత

గంగాబాయి మా పక్క దుకాణంలో దిగినప్పటినుంచీ నాకు తలనొప్పే. నేను అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టుకుంటుంటే, ఆమె పక్కన దాగిలి దిమ్మె ముందు కూర్చొని జింకు రేకును ధన్ ధన్‌మని బాదుతూ ఉంటుంది. ఫోన్ వస్తే వీధి మలుపుదాకా పోయి మాట్లాడుకోవాల్సిందే. "జర మెల్లగ కొట్టరాదు?" అంటే, "మెల్లగ కొడితె రేకు మాటింటదా సావిత్రమ్మా, నువ్వే చెప్పు" అంటుంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు బాన్సువాడలో ఎక్కడైనా ఉన్నారేమో, నాకైతే కనబడలేదు.

ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దులోని డోంగ్లి. తండ్రిది రేకుపని. కొడుకులు లేరని పనిముట్లను తుప్పు పట్టనివ్వడం ఇష్టంలేక కూతురి చేతికే కొయ్య సుత్తి ఇచ్చాడు. పెళ్లయి ఇక్కడికి వచ్చేటప్పుడు చీరల పెట్టెతో పాటు రేకు కత్తెర, పట్టకారు, సుత్తులు, దాగిలి కూడా తెచ్చుకుంది. ఆ ఇనుప దాగిలిని బస్సులో ఎక్కించడానికి కండక్టరుతో పెద్ద గొడవే పడిందట. పడే ఉంటుంది. భర్త పోయాక ఆమెను నిలబెట్టింది ఆ సామానే. బియ్యం డబ్బాలు, పిండి డబ్బాలు, కుంచాలు, గరాటులు చేసి అమ్ముతుంది.

ప్లాస్టిక్ వచ్చాక గిరాకీ తగ్గినా, బీర్కూర్ నుంచీ జుక్కల్ నుంచీ ఇంకా ఆమెను వెతుక్కుంటూ వస్తారు. కారణం ఆమె వేసే మడత. డబ్బా అడుగు రేకునూ పక్క రేకునూ కలిపి మడిచి కొట్టిందంటే, నీళ్లు పోసినా చుక్క కారదు. "నేనేసిన మడత ఇప్పేటోడు ఇంక పుట్టలే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది. వినీ వినీ నాకు విసుగు పుట్టింది.

మొన్న వానాకాలంలో ఒకరోజు పొద్దున వెనక గల్లీ రవళి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. చంకలో ఏడాదిన్నర కొడుకు సాయిప్రసాద్. వాడి తల మెడదాకా జొన్నపిండి డబ్బాలో ఉంది. ఖాళీ డబ్బాతో ఆడుకుంటూ తల దూర్చేశాడు. డబ్బా మూతి ఇరుకు, లాగితే చెవులు అడ్డం పడుతున్నాయి. వెనకాల సగం గల్లీ జనం. ఒకాయన అప్పటికే నూనె పోశాడు, ఒకామె సబ్బునీళ్లు పోసింది, ఇంకొకాయన కాళ్లు పట్టుకొని గుంజుదామంటున్నాడు. ఇలాంటప్పుడు సలహాలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వెంట వెల్డింగ్ షాపు దత్తు కూడా ఉన్నాడు. ముందు అతని దగ్గరికే పోయారట. "గ్రైండర్ పెడితె రవ్వలు లేస్తయి, రేకు కాలుతది. నాతోని కాదక్కా. నువ్వే చూడాలె" అన్నాడు గంగాబాయితో.

గంగాబాయి అలవాటుకొద్దీ ఉలీ సుత్తీ అందుకుంది. రేకుకు ముందు ఒక బెజ్జం పడితేనే కత్తెర లోపలికి దూరుతుంది. ఉలి ఆనించి సుత్తి ఎత్తింది, ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. రెండూ కింద పెట్టేసింది.

"కొడితె లోపల పిల్లగానికి పిడుగు పడ్డట్టుంటది. బెదిరి తల తిప్పిండంటె మెడ కోసుకపోతది" అంది.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కొట్టడమే పనిగా బతికిన మనిషి, ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా ఆ డబ్బా తియ్యాలి. డబ్బాను చేత్తో తడిమింది. అడుగు మడత దగ్గర వేలు ఆగింది. ఆమె మొహంలో రంగు పోయింది.

"గిది నేను చేసిన డబ్బనే" అంది.

ఆమె భయపడగా చూడటం నాకదే మొదలు.

తర్వాత ఆమె ఎవరినీ అడగలేదు, పనులు పురమాయించింది. రవళిని కింద కూర్చొని పిల్లవాణ్ణి ఒళ్లో పక్కకు పడుకోబెట్టుకోమంది. మెడ మీద బరువు పడకుండా డబ్బాను దత్తు పట్టుకున్నాడు. "సావిత్రమ్మా, గీ జనాన్ని బయటికి తోలు, గాలాడనియ్యి" అంది నాతో. ఆ పని నాకు బాగా వచ్చు. గుంజుదామన్నాయనను ముందు తోలాను.

మడత ఎక్కడ ముగించిందో ఆమె వేలికి తెలుసు. అక్కడ మొద్దు స్క్రూడ్రైవర్ మొన దూర్చి లేపింది, లేచిన అంచును పట్టకారుతో పట్టి వంచింది. అది రావడం లేదు. చచ్చినా ఊడకూడదని వేసిన మడత మరి. "గింత గట్టిగ ఎందుకేసిననో" అని తనను తానే తిట్టుకుంది. పట్టకారు జారి అరచెయ్యి కోసుకుంది. రక్తం చీరకు తుడుచుకొని మళ్లీ పట్టింది.

అంతలో లోపలి ఏడుపు ఆగిపోయింది.

"అవ్వా, చప్పుడు చేస్తలేడు" అంది రవళి.

గంగాబాయి "హళూ బాళా, హళూ" అని పుట్టింటి మరాఠీలో గొణుగుతూ వంచుకుంటూ పోయింది. మెల్లగా నాన్నా, మెల్లగా అని. సగందాకా మడత విప్పి అడుగు రేకును ఒక్కసారిగా వెనక్కి మడిచింది. లోపల పిండి పట్టిన జుట్టు కనబడింది. వాడు కదల్లేదు.

వాడు తుమ్మాడు. ఇంకోసారి తుమ్మి, గొంతు పగిలేలా ఏడుపు అందుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ దుకాణంలోంచి వచ్చిన ఏ చప్పుడుకూ నేనంత సంబరపడలేదు.

తర్వాతి పని కొంత తేలికైంది. విప్పిన అడుగు నుంచి మూతి వైపు కత్తెరతో కోస్తూ, కత్తెరకూ తలకూ మధ్య తన వేలు అడ్డం పెట్టుకుంది. కోసిన అంచునల్లా బయటికి వంచింది. మూతి చుట్టూ మడిచిన తీగను దత్తు కటింగ్ ప్లేయర్‌తో తుంచాడు. ఇద్దరూ చెరోవైపు పట్టి విప్పగానే తల బయటికొచ్చింది. చెవులు ఎర్రగా కందిపోయాయి, అంతే.

రవళి కొడుకును గుండెకు అదుముకొని ఏడ్చింది. కాసేపయ్యాక గంగాబాయి చేతులు చాచి, "ఒక్కసారి ఇటియ్యి బిడ్డా" అంది. వాడి మెడ చుట్టూ చూసింది, చెవుల వెనక చూసింది, గడ్డం ఎత్తి మళ్లీ చూసింది.

"ఏం గాలేదవ్వా" అంది రవళి.

"నా రేకు గీసిందేమో చూడనీ."

ఎక్కడా చిన్న గీత కూడా లేదు. అప్పుడు ఏడ్చింది గంగాబాయి, మా అందరి ముందూ, దాచుకోకుండా.

"నా చేతులతోని చేసిన డబ్బ. పిల్లగానికేమన్న అయితె ఇగ గీ చేతులను ఏం చేసుకుందు?"

"ఏం గాలే కదా అక్కా" అన్నాడు దత్తు.

ఏడ్చి అలిసిన పిల్లవాడు ఆమె భుజం మీదే నిద్రపోయాడు. వాణ్ణి తీసుకుందామని రవళి రెండుసార్లు చేతులు చాచింది. వాడి వీపు పెరిగి తగ్గుతుంటే దాని మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకొని నిలబడిన గంగాబాయి, కళ్లు తెరవకుండానే అంది:

"ఉండనీ బిడ్డా, ఇంక జరసేపు."