నలుగురికీ ఒకే పేరు

గోదావరి కాలవలు తవ్వే రోజుల్లో నేను ఒక దొర దగ్గర దుబాసీగా ఉండేవాణ్ణి. ఆయన ఇంగ్లీషును కూలీలకు తెలుగులో చెప్పడం నా పని. కొలతలు ముగిశాక ఆయన సొంతూరి ఇంటిని తలుచుకునేవాడు. అది జార్జియన్ కాలపు ఇల్లట. అదేం కాలమని అడిగాను. జర్మనీ నుంచి వచ్చిన వంశమొకటి వాళ్ళ దేశాన్ని ఏలిందనీ, వరసగా నలుగురు రాజుల పేరూ జార్జేననీ, అందుకే ఆ కాలానికీ, అప్పటి ఇళ్ళకీ, చివరికి కుర్చీలకీ ఆ పేరే పడిందనీ మురిసిపోతూ చెప్పాడు.

నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లోనూ నలుగురం ఒకే పేరు వాళ్ళం. తాతగారి తాత, తాతగారు, అన్నయ్య, నేను. మా పేరు ఏ కుర్చీకీ పెట్టలేదు. మా వైపు కాలానికి పేరు పెట్టింది సముద్రం. ఎవరి వయసు చెప్పాలన్నా ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అంటారు. నేను తర్వాత పుట్టాను.

కోడలు మామగారి పేరు పలకకూడదు. మనవడికి అదే పేరు పెడితే, కన్నకొడుకునైనా ఆ పేరుతో పిలవకూడదు. అందుకే అమ్మ అన్నయ్యను "అబ్బాయ్" అనేది. ఉప్పెన రోజున తాతగారు అమలాపురంలో ఉన్నారు. నాన్న పడవ మీద ఉన్నాడు. సముద్రం ఉప్పలగుప్తం దాటి మా పెరట్లోకి వచ్చేసరికి పగలే చీకటి కమ్మింది. అమ్మ ఇంటి కప్పు ఎక్కి, కింద నుంచి అన్నయ్యను లాగబోతే చెయ్యి జారింది. పక్క కప్పుల మీది తల్లులు పిల్లల్ని పేర్లతో కేకేస్తున్నారు. అమ్మ "అబ్బాయ్, అబ్బాయ్" అని అరిచింది. "అమ్మా" అని పలికిన వైపు వాసం చాచింది. దాన్ని పట్టుకుని పైకొచ్చినవాడు పొరుగింటి పిల్లాడు.

నీళ్ళు తీశాక తాతగారు తిరిగొచ్చి, అన్నయ్య కొట్టుకుపోయిన తీరంతా విని కూలబడ్డారట.

"పేరు పెట్టి పిలవకపోయేవా అమ్మాయీ? నేనేవన్నా అనుకునేవాణ్ణా?"

తర్వాత నేను పుడితే మళ్ళీ ఆ పేరే తగిలించారు. అమ్మ నన్ను అబ్బాయ్ అని కూడా అనలేదు. పనుంటే దగ్గరికొచ్చి భుజం తట్టేది. తాతగారు పోయాక కూడా అంతే. ఒక్కసారి నన్ను పిలిస్తే చాలని ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

దొర రాజుల సంగతి చెప్పేనాటికి అమ్మ మంచం పట్టి ఉంది. ఇంటికెళ్ళి ఆ కథ చెబితే నా వైపు తిరిగి అడిగింది.

"మరి వాళ్ళ కోడళ్ళు పిల్లల్ని ఏవని పిలిచేవోరురా?"

మర్నాడు దొరను అడిగాను. పేరుతోనే, ఇంకెలా పిలుస్తారని నవ్వాడు. సాయంత్రం అదే అమ్మకు చెప్పాను.

"అలాగా" అని కళ్ళు మూసుకుంది.

అప్పటికే ఈదురుగాలి మొదలైంది. వీధి తలుపు కొట్టుకుంటోంది. నేను మంచం పక్కనే ఉన్నాను. అమ్మ ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, తలుపు వైపు చూసి, పేరు పిలిచింది. పూర్తి పేరు, గట్టిగా. గుమ్మంలో ఎవరూ లేరు. మళ్ళీ పిలిచింది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని ఆ చేతిని తలుపు వైపే చాచింది.

లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇదిగో, వచ్చేనమ్మా."

"తడిసిపోయేవురా, నా తండ్రీ. లోపలికి రా."